రెండో నవ్వు

ఫోనులో తాము తీసిన చిన్న వీడియోలు నాకు చూపించే పిల్లలు మా వీధిలో ఇద్దరు ముగ్గురున్నారు. "మీరూ ఇదే లైన్ కదా ఆంటీ, చూసి చెప్పండి" అంటారు. చూస్తాను. ఎవడో తడి గచ్చు మీద జారిపడతాడు, ఆ వెనకే ఒక గుంపు పకపకా నవ్వుతుంది. "ఆ నవ్వేవాళ్లంతా ఎవర్రా?" అని అడిగితే నా వంక జాలిగా చూసి, "అది రెడీమేడ్ ఆంటీ, ఫోన్లోనే దొరుకుతుంది" అంటారు.

వాళ్లను తప్పుపట్టే ముఖం నాకు లేదు. ఉద్యోగం చేసిన కాలంలో నేనూ నవ్వులు అతికించినదాన్నే. కాకపోతే నేను అతికించిన నవ్వు ఒక మనిషిది. ఆ మనిషికి ఒక భర్త ఉన్నారు. ఆయన ఒకనాడు మా ఆఫీసు మెట్లెక్కి వచ్చి నన్ను నిలదీశారు. ఈ సంగతి పిల్లలకు చెబుదామని మొదలుపెడితే మధ్యలో ఫోను మోగింది, లేచిపోయారు. అందుకని రాస్తున్నాను. తెలుగు చదవడం వచ్చినవాళ్లు తీరికున్నప్పుడు చదువుకుంటారు. రానివాళ్లకు అమ్మలు చదివి పెడతారు.

నేను పుట్టిందీ పెరిగిందీ హిందీ మాట్లాడే చోట, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో. మా తాత శ్రీకాకుళం దగ్గరి ఊరు వదిలి పట్టాలు వేసే గ్యాంగులో చేరి ఇక్కడికొచ్చాడు. నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. నేను రేడియోలు, టీవీలు బాగుచేసే కోర్సు చదివాను. ఆడపిల్లకు ఆ చదువేమిటని చుట్టాలు మూతి విరిచారు గానీ, వాళ్ల టేప్ రికార్డరు మొరాయిస్తే మాత్రం దాన్ని తువ్వాల్లో చుట్టుకుని మా గుమ్మంలోకే వచ్చేవారు.

తొంభైల మొదట్లో బుధవారీ బజారు దగ్గర ఒక మేడ మీద పెద్ద మూకుడు ఆకాశానికి పట్టినట్టు డిష్ వెలిసింది. కేబుల్ పెట్టినాయన మా కాలనీలో పెరిగిన తెలుగువాడే. మాట తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగించే మా తరం మనిషి. ఒకరోజు ఇంటికొచ్చి, "అక్కా, వైర్లు లాగే కుర్రాళ్లు బహుత్ దొరుకుతారు. ఒక చోట కూర్చుని పని చేసేవాళ్లు నహీ మిల్తే. నువ్వు ఆజావ్" అన్నాడు. అలా చేరాను. నా రాజ్యమంతా రెండు వీడియో డెక్కులు, ఒక టేప్ రికార్డరు, ఒక మైకు, కిటికీ లేని ఒక గది.

పగలంతా సినిమాలు వేసేవాళ్లం. కాలనీ నిండా తెలుగువాళ్లే, మన మాటలో మనదే ఏదైనా ఉంటే బావుంటుందని యజమానికి తోచింది. డివిజన్ ఆఫీసులో గుమస్తాగా పనిచేసే ఒకాయన రైల్వే ఉద్యోగుల క్లబ్బైన ఇన్‌స్టిట్యూట్‌లో ఏటా నాటకాలు వేయించేవారు. పిల్లలకు ట్యూషన్లు చెప్పడంతో ఆయన అందరికీ మాష్టారే. ఆయన చేత రాయించి సీరియల్ మొదలుపెట్టాం. వారానికొకటి, ఆదివారం సాయంత్రం.

కథ చాలా చిన్నది. ఒకే గోడకు అటూ ఇటూ రెండు క్వార్టర్లు. ఇటు శ్రీకాకుళం డ్రైవరు, ఆయన భార్య, కూతురు. అటు సికింద్రాబాదు నుంచి బదిలీ మీద వచ్చిన అకౌంట్స్ బాబు. గోడ పల్చన. ఇటు పోపు పెడితే అటు తుమ్ము. ఇటు మొగుడూ పెళ్లాలు మాటామాటా అనుకుంటే అటు నుంచి తీర్పు. డ్రైవరు వేషం వేసింది షెడ్డులో మా నాన్నతో పనిచేసిన ఫిట్టరు. కూతురి వేషం వేసిన పిల్లకు తెలుగు చదవడం రాదు. తన మాటలు తను హిందీ అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టేది.

మాష్టారు కథలు ఎక్కడ పట్టేవారంటే, కుళాయి దగ్గర. సంచి చేత్తో పట్టుకుని బజారుకెళ్తున్నట్టే వెళ్లి, కుళాయి పక్కన ఎవరితోనో మాట కలిపేవారు. అక్కడ విన్నది మూడో వారానికి మా టీవీలో వచ్చేది, పేర్లూ ఊళ్లూ మార్చుకుని.

వాటిలో ఒకటి చెప్పాలి. రైలు మీద డ్యూటీకి వెళ్లే మనిషి వెంట ఒక రేకుపెట్టె ఉంటుంది. అవతలి ఊళ్లో దిగాక వండుకోవడానికి బియ్యం, పప్పు, ఒక జత బట్టలు, టార్చీ. మా కాలనీలో దాన్ని లైన్ పెట్టె అంటారు. సీరియల్లో డ్రైవరుకు డ్యూటీకి పిలుపు వస్తుంది. పెట్టె కనబడదు. ఇల్లంతా వెతుకుతాడు, అరుస్తాడు, ఆఖరికి బియ్యం డబ్బా వెనక దొరుకుతుంది. దాచింది భార్యే. మొగుడు ఇంకో పది నిమిషాలు ఇంట్లో ఉంటాడని. ఆవిడ ఆ మాట అనదు, ఆయనా అడగడు. అంతే సీను. ఆ సీను వచ్చిన వారం కాలనీలో ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు.

మా పనిలో ఒక అలవాటు ఉండేది. ఆదివారం పొద్దున్న ఎపిసోడును ఇన్‌స్టిట్యూట్ హాల్లో కాలనీవాళ్లకు ముందు చూపించేవాళ్లం. దూలానికి తాడు కట్టి మైకు వేలాడదీసేదాన్ని. జనం నవ్విన నవ్వు రికార్డు చేసి, మధ్యాహ్నం కూర్చుని ఎపిసోడుకు జత చేసేదాన్ని. ఎవరినీ నవ్వమని అడగకూడదని మాష్టారి నియమం. నవ్వు రాకపోతే ఆ సీను కత్తెరకే.

ఆ హాల్లో మూడో వరసలో ఒక గూడ్సు గార్డుగారు, ఆయన భార్య కూర్చునేవారు. మేం ఆవిణ్ని గార్డమ్మగారు అనేవాళ్లం. ఆవిడ అందరితో పాటు నవ్వేవారు కాదు. హాలంతా నవ్వి, నవ్వు చల్లారి, తర్వాతి మాట మొదలవబోతుందనగా అప్పుడు నవ్వేవారు. గొంతు పెద్దది కాదు. కుండలో నీళ్లు కదిలినట్టుండేది. ఆ నవ్వు వినగానే హాలంతా ఇంకోసారి నవ్వేది. ఎందుకు నవ్వారో వాళ్లకే తెలిసేది కాదు. మాష్టారు దానికి రెండో నవ్వు అని పేరు పెట్టారు. "మొదటి నవ్వు మనం తెప్పించేది. రెండోది దానంతట అదే రావాలి. అది వచ్చిందంటే సీను పాసైనట్టు" అనేవారు. మైకు దగ్గర నా చెవులెప్పుడూ మూడో వరస మీదే ఉండేవి.

మంచి రోజులు ఎప్పుడు పోయాయో సరిగ్గా చెప్పలేను. పాలు విరిగిన క్షణం ఎవరు చూశారు గనక. కేబుల్ కాలనీ దాటింది. రాజ్‌కిశోర్ నగర్‌లో కొత్త ఇళ్లు లేచాయి, అక్కడికి వెళ్లింది. మంగ్లా దాకా వెళ్లింది. అక్కడ చూసేవాళ్లకు తెలుగు రాదు. మాట తెలియనివాళ్లను నవ్వించాలంటే మనిషి పడాలి, లేదా దెబ్బ తినాలి. తఖత్‌పూర్ చీరల దుకాణదారు ప్రకటన ఇచ్చి, తన చీరలు కథలో కనబడాలన్నాడు. అప్పటినుంచి డ్రైవరు భార్య కట్టెల పొయ్యి దగ్గర కూడా జరీ అంచు చీరలో కూర్చునేది.

డ్రైవరు వేషం వేసే ఫిట్టరుగారికి పేరొచ్చింది. గోల్ బజార్‌లో మిఠాయి కొట్టువాడు డబ్బు తీసుకోకుండా పొట్లం చేతిలో పెట్టేవాడట. ఆ తర్వాత ఆయన ఏ సీనులోనూ ఓడిపోవడానికి ఒప్పుకునేవారు కాదు. "మాష్టారూ, జనం నన్ను పెద్దమనిషిలా సూస్తన్నారు. పెళ్లం సేతిలో మాట పడితే ఏం బాగుంటాది?" అని పట్టుబట్టేవారు. భార్య చేతిలో ఓడడమే ఆ పాత్ర ప్రాణమని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. కావాలంటే పడతానన్నారు గానీ ఓడతానని అనలేదు.

అన్నిటికన్నా పెద్ద నష్టం కుళాయి దగ్గర జరిగింది. మాష్టారి సంచి దూరంనుంచి కనబడితే చాలు, ఆడవాళ్లు నోళ్లు కట్టేసుకునేవారు. "ఒలే, ఊరుకోండి, ఆదివారం టీవీలో పడిపోతాం" అని బిందెలు ఎత్తుకుని వెళ్లిపోయేవారు. మరికొందరు ఎదురొచ్చి మరీ కథలు చెప్పేవారు. అవన్నీ మా సీరియల్ చూసి అల్లినవే. ఆయన ఇంట్లో కూర్చుని రాయడం మొదలుపెట్టారు. పెట్టె సీను బావుందన్నారు కదా అని ప్రతివారం పెట్టె వచ్చింది. దాచడం పోయింది. డ్రైవరు పెట్టె తట్టుకుని బోర్లా పడడం మిగిలింది.

అదే సమయంలో గార్డమ్మగారు పోయారు. కామెర్లన్నారు. ఆసుపత్రిలో చేరినవారు ఇక ఇంటికి రాలేదు. హాల్లో మూడో వరసలో ఇద్దరి చోటూ ఖాళీ అయింది. నెమ్మదిగా మిగతా వరసలూ పల్చబడ్డాయి. మైకులో నాకు దగ్గులు, కుర్చీల కిర్రులు తప్ప ఇంకేం పడేవి కావు.

యజమాని కంగారుపడ్డాడు. "అక్కా, పాత నవ్వులున్నాయి కదా? వోహీ లగాదో" అన్నాడు. ఉన్నాయి. ఖర్చు తగ్గుతుందని వీడియో టేపుల మీదే మళ్లీ మళ్లీ రికార్డు చేసేవాళ్లం. అలా పాత ఎపిసోడులు చెరిగిపోయాయి గానీ, నవ్వులు మాత్రం వేరే క్యాసెట్లో నా దగ్గర భద్రంగా ఉన్నాయి. దానిలోంచి తీసి అతికించాను. పులుసు చిక్కబడకపోతే ఇంత పిండి కలపమా, అలాగే అనుకున్నాం అందరం. గార్డమ్మగారి రెండో నవ్వు కూడా అందులో ఉంది. అది పడ్డచోట సీనుకు ఏదో కళ వచ్చినట్టుండేది. అందుకని దాన్నే ఎక్కువ వాడాం.

ఒక సోమవారం పొద్దున్న గార్డుగారు మెట్లెక్కి వచ్చారు. యూనిఫాంలోనే ఉన్నారు, బండి దిగి నేరుగా వచ్చినట్టున్నారు. గది గుమ్మంలో నిలబడి లోపలున్న మిషన్లన్నీ ఒకసారి చూశారు.

"అమ్మా, టీవీలో నవ్వులు పెట్టీది నువ్వేనేటి?"

"నేనే మావయ్యగారూ. లోపలికి రండి, కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు. నిన్న ఆ డ్రైవరు పెట్టె మీద పడ్డాడు. మా ఇంటావిడ నవ్వింది."

తిరుగుతున్న డెక్కును ఆపేశాను.

"నేను వంటింట్లో ఉన్నాను. నవ్వు ఇనబడింది. గరిటె పట్టుకునే ముందుగదిలోకి పరిగెట్టుకొచ్చాను. నిజం సెప్తన్నాను, ఒక్క క్షణం ఆవిడ ఉన్నాదనే అనుకున్నాను. వచ్చి సూస్తే టీవీ." టోపీ తీసి చంకలో పెట్టుకున్నారు. "అది కూడా పోనీ అనుకుందును. మనిషి పడితే ఆవిడ నవ్వదమ్మా. లేపడానికి ఎగబడీది గానీ నవ్వీది కాదు. అలాటిదాన్ని మీరు వారం వారం దేనికి పడితే దానికి నవ్విస్తన్నారు. ఊళ్లో వాళ్లు ఆవిడ ఇలాటి మనిషనుకోరా?"

ఆయన అడిగినదాంట్లో కోపం తక్కువ, పరువు ఎక్కువ. బతికున్న మనిషి పరువు కాదు, తనను తాను కాపాడుకోలేని మనిషి పరువు. అప్పటివరకు ఆ క్యాసెట్లో ఉన్నది నాకు ఒక చప్పుడు. ఆయనకు ఒక మనిషి స్వభావం.

యజమాని పక్కగదిలోంచి వచ్చి నచ్చజెప్పబోయాడు. "గార్డుసాబ్, ఆమె నవ్వు లేకపోతే సీరియల్ పడిపోతుంది. మిగిలింది అదొక్కటే హై. ఆప్ సమఝో."

"అచ్ఛా. అయితే ఆవిడ నవ్వీలాటిది తియ్యండి. తీసి అప్పుడు పెట్టుకోండి. నేనేటి అనను. లేదా ఆ నవ్వు తీసెయ్యండి." ఆ మాట చెప్పి ఆయన మెట్లు దిగిపోయారు.

సాయంత్రం మాష్టారికి చెప్పాను. కోప్పడతారనుకున్నాను, యజమాని మీదో నా మీదో. ఆయన చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చుని, "ఆవిడ నవ్వేది రాయమన్నాడా? అంతకంటే కష్టమైన పని ఎవరూ నాకు చెప్పలేదు" అన్నారు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని గార్డుగారి క్వార్టరుకు వెళ్లారు. సంచి తేలేదు.

గార్డుగారు స్వయంగా టీ పెట్టి ఇచ్చారు. పంచదార ఎక్కువైంది. మాష్టారు సూటిగా అడిగారు. "నాకొకటి చెప్పండి. ఆవిడ దేనికి నవ్వేవారు? అన్నేళ్లు ఆ నవ్వు కోసమే రాశాను. దేనికొస్తుందో మాత్రం నాకు తెలీదు."

గార్డుగారు మొదట సిగ్గుపడ్డారు. గ్లాసు ఇటూ అటూ తిప్పారు. తర్వాత చెప్పారు.

"అందరూ టీవీని సూసి నవ్వీవోరు మాష్టారూ. ఆవిడ నన్ను సూసి నవ్వీది. మీరు రాసిందాంట్లో ఎక్కడో నాను కనబడీవోణ్ని. పెట్టె ఎతికినప్పుడు నేనూ అలాగే అరిసీవోణ్ని. ఆవిడా దాసీది, నాకూ తెలుసు. మీ సీను చూసి అందరూ నవ్వినాక, ఆవిడ ఇలా తల తిప్పి నా మొహం సూసీది. నేను మొహం అటు తిప్పీసుకునీవోణ్ని. అప్పుడు నవ్వీది."

"మీరు నవ్వేవారు కాదా?"

"లేదు. బెట్టు. ఇద్దరం నవ్వీస్తే ఇంక ఆవిడ దేన్ని చూసి నవ్వుద్ది?"

మాష్టారు టీ పూర్తిగా తాగి లేచారు. తిరిగొస్తూ దారిలో ఒక్కటే అన్నారు. "చూశావా? మనం నవ్వించామనుకున్నాం. మనం చేసింది అద్దం పట్టుకోవడం. ఆ తర్వాత అద్దం వదిలేసి మనమే వేషాలు వేశాం."

ఆ వారం ఆయన ఒకటే సీను రాశారు. డ్రైవరు భార్య చెల్లెలి పురుడికని ఊరెళ్లింది. డ్యూటీకి పిలుపొచ్చింది. పెట్టె గుమ్మం పక్కనే, కళ్లెదురుగా ఉంది. డ్రైవరు దాన్ని ఎత్తుకుని వెళ్లబోతాడు. ఆగుతాడు. అటూ ఇటూ చూసి పెట్టెను తనే మంచం కిందకి తోస్తాడు. తర్వాత నడుం మీద చెయ్యేసుకుని, "ఏమే, నా పెట్టెక్కడ తగలేశావే?" అని ఖాళీ ఇంట్లో అరుస్తాడు. బియ్యం డబ్బా వెనక చూస్తాడు. బట్టల మూట కింద చూస్తాడు. ఇంకోసారి అరుస్తాడు. అప్పుడు గోడవతలనుంచి అకౌంట్స్ బాబు గొంతు. "నువ్వే మంచం కింద పెట్టుకున్నవ్ గద, జర సూడు!"

ఫిట్టరుగారు కాగితం చదివి పక్కన పడేశారు. "లేని పెళ్లాన్ని పిలిస్తే జనం నన్ను పిచ్చోడనుకుంటారు."

"అనుకోవాలి" అన్నారు మాష్టారు. "ఇది గార్డుగారి కోసం రాసింది. ఆయన ఆదివారం వస్తారు. నువ్వు చెయ్యనంటే నేనే వేషం కడతాను."

మాష్టారు వేషం కడితే ఎలా ఉంటుందో ఇన్‌స్టిట్యూట్ నాటకాల్లో అందరం చూసినవాళ్లమే. ఫిట్టరుగారు ఒప్పుకున్నారు. ఆయన క్వార్టర్లోనే తీశాం. మొదటిసారి "ఏమే" అని అరవగానే, నిజం పెళ్లాం పెరట్లోంచి "వస్తన్నాను ఉండండి" అని పలికింది. అందరం పడీపడీ నవ్వాం, ఆయన తప్ప. రెండోసారి తీసినప్పుడు ఆయన గొంతు మారింది. పిలిస్తే పలికే మనిషి పెరట్లో ఉండడమేమిటో అప్పుడే తెలిసినట్టుంది. చాలా రోజుల తర్వాత ఆయన ఓడిపోయి నటించారు.

ఆదివారం పొద్దున్న హాలు సగం నిండింది. ఏదో కొత్తగా తీశారట అని పాకింది మరి. గార్డుగారు వచ్చి మూడో వరసలో తన చోట కూర్చున్నారు. ఎడమ పక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. ఎవరూ చెప్పలేదు, అయినా కూర్చోలేదు. మాష్టారు గుమ్మం దగ్గర నిలబడ్డారు. నేను చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని మైకు సరిచేశాను. గార్డుగారు వద్దని తల ఊపితే గార్డమ్మగారి నవ్వు ఇక ఎప్పటికీ వాడకూడదు. ఊపకపోతే సరే. అదీ మా ఒప్పందం.

డ్రైవరు పెట్టెను మంచం కింద దాచగానే చిన్న నవ్వు మొదలైంది. ఖాళీ ఇంట్లో "ఏమే" అని అరిచేసరికి పెద్దదైంది. గోడవతలి గొంతు వినబడగానే హాలు దద్దరిల్లింది. వెనకవరసలో ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నేను గార్డుగారినే చూస్తున్నాను. ఆయన నవ్వలేదు. నవ్వులన్నీ తగ్గాయి. హాలు సద్దుమణిగింది.

అప్పుడాయన అలవాటుగా ఎడమ పక్కకు తల తిప్పారు. ఖాళీ కుర్చీ వంక చూశారు. తనను చూసి నవ్వే ముఖం కోసమే చూసి ఉంటారు. మరుక్షణం ఆయనే నవ్వారు. పెద్దగా, ఆపుకోలేక, భుజాలు ఊగేలా. అందరి నవ్వూ అయిపోయాక, ఆయనొక్కరే. ఆ నవ్వు విని హాలంతా మళ్లీ నవ్వింది. నా హెడ్‌ఫోనులో ఆ రెండో నవ్వు పడ్డప్పుడు నాకు ఏడుపొచ్చింది. క్యాసెట్ ముట్టుకునే అవసరమే రాలేదు.

యజమాని ఆనందానికి అంతు లేదు. నన్నూ మాష్టారినీ పక్కకు లాగి, "క్యా బాత్ హై! గార్డుసాబ్‌ని ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చోపెడదాం. ఆయన నవ్వు పది రకాలుగా రికార్డు చేద్దాం అక్కా, స్టాక్ ఉంటుంది" అన్నాడు. వింటే మీకు నవ్వొస్తుంది గానీ ఆయన మనసులో కల్మషం లేదు. పండిన చెట్టును చూస్తే ఎవరికైనా దులపాలనే ఉంటుంది. మాష్టారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఇది ఆఖరిది బాబూ. ఇంకొకటి రాస్తే దీన్నీ పాడుచేస్తాను. నా సంగతి నాకు తెలుసు" అన్నారు. యజమాని అలిగాడు, బతిమాలాడు, వేరే రచయితను వెతికాడు. ఎవరూ దొరకలేదు. ఆదివారం సాయంత్రం మా చోట్లో కోరిన పాటల కార్యక్రమం వచ్చింది. కొన్ని వారాలు జనం ఆఫీసుకొచ్చి సీరియల్ ఏదని అడిగారు. తర్వాత అడగడం మానేశారు. అదీ మంచిదే. ఇంకా రెండేళ్లు సాగదీసి ఉంటే, ఎప్పుడాగిందా అని ఎవరూ గమనించి కూడా ఉండరు.

ఆ సీను చూపించిన మర్నాడే గార్డుగారు మళ్లీ మా గదికి వచ్చారు. ఈసారి పిలవకముందే స్టూలు లాక్కుని కూర్చున్నారు. ముఖం బాగోలేదు. ఏదో తప్పు చేసి వచ్చిన మనిషిలా ఉన్నారు.

"ఆవిడ లేకుండా నవ్వీసేనమ్మా" అన్నారు. "ఆవిడ ఉండగా ఒక్కనాడు నవ్వలేదు. మొహం తిప్పీసుకున్నాను. పోయినాక నవ్వుతున్నాను. మొత్తం ఊరు ఇన్నాది."

ఓదార్చే మాటలు నాకెప్పుడూ రావు. చేతనైన పని చేశాను. నవ్వుల క్యాసెట్ పెట్టి, "ఇది మీది మావయ్యగారూ. తీసుకెళ్తానంటే ఇస్తాను, చెరిపెయ్యమంటే మీ ముందే చెరిపేస్తాను. సీన్లు మాత్రం లేవు. టేపుల మీద మళ్లీ రికార్డు చేసేశాం. నవ్వులే మిగిలాయి" అన్నాను.

"ఎయ్యి" అన్నారు.

వేశాను. మొదటి నవ్వు. ఆయన తల ఊపారు. "ఇది పెట్టె సీను." తర్వాతది. "ఇది డ్రైవరు బావమరిది ఒచ్చి పది రోజులున్నాడు సూడు, అప్పటిది. మా బావమరిది కూడా అప్పుడు మా ఇంట్లోనే ఉన్నాడు. నా మొహం చూసి మరీ నవ్వింది." ఇంకొకటి. "ఇది ఆవిడ చింతపండు తెమ్మంటే నాను చీపురు తెచ్చినదానికి. మాష్టారికి ఎలా తెలిసిపోనాదో." సీన్లు పోయాయనుకున్నాను గానీ, ఒక్కొక్క నవ్వుకూ కారణం ఆయన దగ్గరుంది. నేను చెరిపిందేదీ చెరగలేదు. ఆయన గొంతు కాస్త తేరుకుంది.

అప్పుడొక నవ్వు వచ్చింది. దాని వెనక పెద్ద వాన. హాలు రేకుల మీద వాన ఎంత గట్టిగా పడుతోందంటే ఆవిడ గొంతు సగమే వినబడుతోంది. ఆయన చెయ్యెత్తి ఆపమన్నారు.

"ఈ వాన..."

"ఏం మావయ్యగారూ?"

"ఈ వాన నాడు నేను పెండ్రా రోడ్డు స్టేషను దగ్గర ఉన్నాను. లైను మీద మన్ను జారి పొద్దున్నుంచి బండి అక్కడే నిలబడిపోనాది. వంటకి కట్టెలు తడిసిపోనాయి. నాకు బాగా గుర్తు, ఆదివారమే. ఇంత వాన ఇంకే ఆదివారమూ పళ్లేదు." ఆయన నా వంక చూశారు. "నేను హాల్లో లేను."

మళ్లీ వెయ్యమన్నారు. వేశాను. వాన, జనం నవ్వు, నవ్వు తగ్గడం, ఆ తర్వాత ఆవిడ. ఎప్పటి నవ్వే. ఏమీ తగ్గలేదు.

"నేను లేకుండానే నవ్వీసింది, సూడు" అన్నారు గార్డుగారు. ఆ గొంతులో పెళ్లాం మీద మొగుడికుండే పాత ఫిర్యాదే ఉంది. కళ్లు తుడుచుకుంటూనే ఉన్నారు, మూతి మాత్రం నవ్వుతోంది. "నాకు ఒక్కనాడూ సెప్పలేదు."